అమెరికా లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో ఆంత్రపాలజీ: నాలుగేళ్లు ఎలా చదవాలి

ఏప్రిల్ వచ్చిందంటే నాకు ఒకే రకం మెసేజీలు. "అన్నా, లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో సీటొచ్చింది, ఆంత్రపాలజీ చేద్దామనుకుంటున్నా, ఎలా చదవాలి?" రెండు రోజులాగి వాళ్ల నాన్నగారి దగ్గర్నుంచి ఇంకోటి: "బాబూ, దీనికి ఉద్యోగాలుంటాయా?" విడివిడిగా జవాబులు రాసీ రాసీ విసుగొచ్చి, అన్నీ ఒకచోట పెడుతున్నాను.

ముందుగా ఒక మాట. ఆంత్రపాలజీ అంటే మనుషుల్నీ వాళ్ల సమాజాలనూ అధ్యయనం చేసే శాస్త్రం. మన దగ్గర దాని పేరు చెప్పగానే సివిల్స్ ఆప్షనల్, అశోక్‌నగర్ కోచింగ్, స్పైరల్ బైండింగ్ నోట్సు గుర్తొస్తాయి. అది వేరే ఆట. అక్కడ పది మార్కుల ప్రశ్నకు నిర్వచనం, ఇద్దరు పండితుల పేర్లు, ఒక బొమ్మ గీస్తే పనవుతుంది. ఇక్కడ పదిహేను మంది బల్ల చుట్టూ కూర్చుంటారు. ప్రొఫెసర్ మీ వైపు తిరిగి "నువ్వేమంటావు?" అంటారు. నోట్సులో దానికి జవాబుండదు.

ఇక లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటే ప్రధానంగా బీఏ, బీఎస్సీ స్థాయి చదువుకు అంకితమైన చిన్న కాలేజీ. గ్రినెల్, రీడ్, బ్రిన్ మార్, వాసర్ లాంటివి. పీహెచ్‌డీ విద్యార్థులు కాకుండా ప్రొఫెసర్లే పాఠం చెబుతారు. అదే దాని బలం. తప్పించుకోలేకపోవడం కూడా అక్కడే.

కావలసినవి

- జేబులో పట్టే చిన్న నోటుబుక్కు. ఫోనుంది కదా అనకండి, ఎందుకో ఐదో మెట్టులో చెప్తాను.
- జోటెరో. చదివిన ప్రతి వ్యాసం వివరాలు దాచిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్. మొదటి వారంలోనే పెట్టుకోండి. మూడో ఏట పెట్టుకున్నవాళ్ల ఏడుపు చూశాను.
- లైబ్రరీ లాగిన్. జేస్టోర్, ఆంత్రోసోర్స్ అనే పరిశోధన వ్యాసాల ఆన్‌లైన్ భాండాగారాలు దాంతోనే తెరుచుకుంటాయి. పుస్తకం మీ లైబ్రరీలో లేకపోతే వేరే కాలేజీ నుంచి ఉచితంగా తెప్పిస్తారు. ప్రతి పుస్తకం కొని డాలర్లు తగలెయ్యకండి.
- కోర్సుకు వారానికి ఏడెనిమిది గంటల చదువు.
- తెలుగు. నిజంగానే. చదవడం, రాయడం మర్చిపోయి ఉంటే తిరిగి పట్టుకోండి. మిగతావాళ్లు రెండేళ్లు కష్టపడి నేర్చుకునే 'ఫీల్డ్ భాష' (పరిశోధన చేసే చోట జనం మాట్లాడే భాష) మీకు ఇంట్లోనే దొరికింది.

ఇంటర్లో ఎంపీసీ చదివారా, బైపీసీ చదివారా అన్నది ఎవరూ అడగరు.

1. మొదటి సెమిస్టరులో ఆంత్రపాలజీ కోర్సు ఒక్కటే తీసుకోండి

సాధారణంగా సెమిస్టరుకు నాలుగు కోర్సులు, నాలుగేళ్లకు ముప్పై రెండు చొప్పున పడతాయి. మేజర్‌కు, అంటే డిగ్రీలో మీ ప్రధాన సబ్జెక్టుకు, వాటిలో పది, పన్నెండు సరిపోతాయి. అందుకే తొందరపడక్కర్లేదు. ఇంట్రో కోర్సు ఒకటి, మిగతా మూడూ వేరే శాఖల్లోవి.

ఈ లోపు మీ శాఖ ఏ రకమో చూసుకోండి. అమెరికాలో ఆంత్రపాలజీకి నాలుగు కొమ్మలు: సమాజం-సంస్కృతి, మనిషి శరీర పరిణామం, పురావస్తువు, భాష. కొన్ని కాలేజీల్లో నాలుగూ చెబుతారు. కొన్నిచోట్ల మొదటిదే ప్రధానం. స్వార్త్‌మోర్ లాంటి చోట సోషియాలజీతో కలిపి ఒకే శాఖ. ఎముకలూ తవ్వకాలూ అని ఆశపడి చేరి, రెండో ఏట ఆ కోర్సులే లేవని తెలుసుకుంటే లాభం లేదు. కాలేజీ కేటలాగ్ తెరిచి, గత రెండేళ్లలో *నిజంగా నడిచిన* కోర్సులు చూడండి. కేటలాగ్‌లో పేరున్నంత మాత్రాన ఆ కోర్సు నడుస్తుందని కాదు.

2. పుస్తకాన్ని నవలలా చదవకండి, గైడులా కూడా చదవకండి

వారానికి ఒక ఎథ్నోగ్రఫీ, అంటే ఒక ఊరి మీదో ఒక సమూహం మీదో రాసిన పూర్తి పుస్తకం, చదవమంటారు. మొదటి పేజీ నుంచి అండర్‌లైన్ చేసుకుంటూ పోతే గురువారానికి ఎనభయ్యో పేజీ దగ్గరే ఉంటారు.

ఇలా చేయండి. ముందుమాట, చివరి అధ్యాయం పూర్తిగా చదవండి. తర్వాత విషయసూచిక చూసి, రచయిత వాదన నిలబడేదో కూలేదో తేలే ఒక అధ్యాయం ఎంచుకుని నెమ్మదిగా చదవండి. మిగతావి తిరగేయండి. చివర్లో అరపేజీలో ఐదు సంగతులు రాసుకోండి: ఎక్కడ, ఎవరితో, ఎన్నాళ్లున్నారు, ఏమంటున్నారు, ఎవరితో విభేదిస్తున్నారు.

అలవాటు పడటానికి మనకు తెలిసిన ఊరితో మొదలెట్టండి. ఆంత్రపాలజిస్టు ఎస్.సి. దూబే ఉస్మానియాలో పనిచేస్తున్న రోజుల్లో హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేటను అధ్యయనం చేసి 1955లో పుస్తకం వేశారు. చాలా అమెరికన్ లైబ్రరీల్లో దొరుకుతుంది. ఇవాళ్టి అవుటర్ రింగ్ రోడ్డు శామీర్‌పేట మీకు తెలుసు కాబట్టి, రచయిత ఏం చూశాడో ఏం వదిలేశాడో మీకు తడుతుంది. అలా తట్టడమే ఈ చదువు. పరాయి ఊరి పుస్తకాల్లో అది తట్టడానికి నాకు ఏడాది పట్టింది.

సరిచూసుకోవడం: పుస్తకం మూసి, వాదనను మీ అమ్మగారికి ఫోన్లో తెలుగులో చెప్పండి. "ఐడెంటిటీ", "పవర్", "డిస్కోర్స్" అనే మాటలు వాడకూడదు. చెప్పలేకపోతే మీకు అర్థం కాలేదన్నమాట. మళ్లీ చివరి అధ్యాయానికి వెళ్లండి.

3. క్లాసులో "మన ఇండియాలో" అనకండి

పాల్గొనడానికి మార్కులుంటాయి కాబట్టి మాట్లాడక తప్పదు. మొదటి నెలలో మనవాళ్లు చేసే తప్పు మౌనం. రెండో నెలలో చేసే తప్పు దానికి పూర్తిగా వ్యతిరేకం: కులం గురించో పెళ్లిళ్ల గురించో చర్చ రాగానే నూట నలభై కోట్ల మంది తరఫున వకాల్తా పుచ్చుకోవడం.

క్లాసంతా మీ వైపు చూస్తుంది, అది నిజం. అప్పుడు చెప్పాల్సింది జిల్లా పేరు. "మా ప్రకాశం జిల్లాలో, మా కులంలో, మా అమ్మమ్మ తరంలో ఇలా ఉండేది" అనండి. అబద్ధమూ ఉండదు, చర్చకూ ఉపయోగం. కులం గురించి మాట్లాడితే మీది ఎక్కడుందో మీరే ముందు చెప్పుకోవడం మర్యాద. దాచిపెట్టి "మా ఊళ్లో కులం పట్టింపులు లేవు" అనేవాళ్లు సాధారణంగా ఏ కులంవాళ్లో ప్రొఫెసర్లకు తెలుసు.

మాట రావడం లేదా? ఆఫీస్ అవర్స్‌కు వెళ్లండి. ప్రొఫెసర్లు వారానికి రెండు మూడు గంటలు తలుపు తీసి కూర్చునేది అందుకే. "సార్ ఏమనుకుంటారో" అని నేను మొదటి సెమిస్టరంతా వెళ్లలేదు. ఆవిడ సార్ కాదు, ఏమీ అనుకోలేదు కూడా.

4. బంధుత్వ పటం: ఇక్కడ మీకు ఇంటి పెట్టుబడి ఉంది

ఇంట్రో కోర్సులో అందరూ భయపడే పాఠం ఇది. మనం మాత్రం చొక్కా చేతులు మడిచి కూర్చోవచ్చు. ఇంగ్లీషువాడికి అందరూ 'కజిన్'. మనకు బాబాయి కొడుకు, పిన్ని కొడుకు అన్నదమ్ములు. మేనమామ కొడుకు, మేనత్త కొడుకు బావలు, బావమరుదులు. పుస్తకాల్లో 'పారలల్ కజిన్', 'క్రాస్ కజిన్' అని పేజీలకు పేజీలు వివరించేది ఈ తేడానే. అమ్మ తమ్ముడూ మామే, మేనత్త భర్తా మామే, పెళ్లయ్యాక భార్య తండ్రీ మామే. ముగ్గురికీ ఒకే పిలుపెందుకో ఆలోచిస్తే మేనరికం లెక్క దొరుకుతుంది.

1871లో అమెరికన్ ఆంత్రపాలజిస్టు లూయిస్ హెన్రీ మోర్గాన్ ప్రపంచంలోని ఎన్నో జాతుల వరసలు పట్టికలు కట్టినప్పుడు తమిళంతోపాటు తెలుగు వరసలూ అందులో చేరాయి. న్యూయార్క్ ప్రాంతపు సెనెకా తెగ పిలుపులకూ దక్షిణాది పిలుపులకూ పోలిక చూసి ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. అమెరికా ఆదివాసులు ఆసియా నుంచి వచ్చారనడానికి ఇదే రుజువన్నాడు. ఆ రుజువు నిలబడలేదు గానీ పట్టికలు నిలిచాయి.

గీయడం ఇలా: మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు వృత్తం, పెళ్లికి సమాన గుర్తు, సంతానానికి నిలువు గీత, తోబుట్టువులకు అడ్డగీత, చనిపోయినవారి మీద ఏటవాలు గీత. ఎవరి వైపు నుంచి లెక్కిస్తున్నారో ఆ మనిషిని 'ఈగో' అంటారు. ఆ ఒక్క బొమ్మకే రంగు నింపండి.

తరచూ జరిగే తప్పు: వరస ప్రకారం ఎవరు ఏమవ్వాలో గీసేస్తారు. నిజంగా ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తున్నారో అడగండి. రెండు వైపుల నుంచీ చుట్టరికం ఉన్న ఇళ్లల్లో ఒకే మనిషి బాబాయీ అవుతాడు, మామయ్యా అవుతాడు. ఏ పిలుపు నిలిచింది, ఎందుకు నిలిచింది అన్నదే మీ పేపరు. ఇంకో తప్పు, "తెలుగువాళ్లు మేనరికం చేసుకుంటారు" అని ఒకే వాక్యంలో తేల్చేయడం. చేసుకునేవారున్నారు, మానేసినవారున్నారు, ఏనాడూ చేసుకోనివారున్నారు.

సరిచూసుకోవడం: ఫొటో తీసి మీ నాయనమ్మకు పంపండి. మా నాయనమ్మ నా పటంలో నాలుగు తప్పులు పట్టింది. వాటిలో ఒకటి మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోని రెండో పెళ్లి.

5. ఫీల్డ్ నోట్సు

డిగ్రీ మొత్తం దీని మీదే నిలబడుతుంది, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

మొదటి అసైన్‌మెంటుగా ఏదో ఒక చోట రెండు గంటలు కూర్చుని చూసింది రాయమంటారు. డైనింగ్ హాలు, లాండ్రీ గది, ఇండియన్ గ్రోసరీ, గుడి, ఏదైనా పర్లేదు. మీరు ఎలాగూ వెళ్లే చోటైతే మేలు. పరాయి చోటికి పోయి బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే మీ బిక్కుబిక్కు తప్ప ఇంకేమీ కాగితం మీదికి రాదు.

అ) అక్కడ ఉన్నప్పుడు చిన్న నోటుబుక్కులో ముక్కలు మాత్రమే రాసుకోండి: టైము, అంకెలు, విన్న మాట విన్నట్టుగా. ఫోనులో టైపు చేస్తే ఎవరికో మెసేజీ పెడుతున్నారనుకుని జనం మీతో మాట్లాడరు. పుస్తకం తీస్తే "ఏం రాస్తున్నావ్?" అని వాళ్లే అడుగుతారు. అక్కడే మాట కలుస్తుంది.

ఆ) అదే రాత్రి పూర్తిగా విస్తరించి రాయండి. నిద్రపోతే సగం పోతుంది, రూమ్మేటుతో కబుర్లు చెబితే ఇంకో పావు పోతుంది. రెండు గంటల పరిశీలనకు కనీసం మూడు గంటల రాత పడుతుంది.

ఇ) చూసింది ఒకచోట, మీకనిపించింది వేరేచోట. నేను పేజీ మధ్యలో గీత కొట్టేవాణ్ని.

ఈ) కోపం, విసుగు, ఇంటి బెంగ వేరే డైరీలో రాసుకోండి. పశ్చిమ పసిఫిక్ దీవుల మీద 1922లో పుస్తకం రాసి ఫీల్డ్‌వర్క్‌కే గురువనిపించుకున్న మాలినోవ్‌స్కీ, సొంత డైరీలో అక్కడి మనుషుల్ని తిట్టుకున్నాడు. ఆయన పోయాక, 1967లో అది అచ్చయి పెద్ద గొడవైంది. డైరీ రాయొద్దని కాదు. రెండూ కలపొద్దని.

నేను మొదటిసారి ఒక గుళ్లో కూర్చుని రాసింది:

"ప్రసాదం హాల్లో వాతావరణం ఎంతో ప్రశాంతంగా ఉంది. భక్తులు మర్యాదగా వరసలో నిలబడ్డారు."

సున్నా పెట్టారు. సున్నా అంటే నిజంగానే సున్నా. తిరిగి వెళ్లి రాసింది:

"12:40. పులిహోర బల్ల ముందు 17 మంది, అందులో 11 మంది ఆడవాళ్లు. ముందున్న పెద్దాయన ప్లేటు తీసుకోకుండా దోసిలి పట్టాడు. వడ్డించే కుర్రాడు ఇంగ్లీషులో 'ప్లేట్, సర్' అన్నాడు. పెద్దాయన దోసిలి దించలేదు. వెనకున్నావిడ నవ్వి, తెలుగులో 'పెట్టు నాన్నా, ప్రసాదం అది' అంది. కుర్రాడు గరిటె పట్టుకుని వాళ్లమ్మ వైపు చూశాడు."

రెండో దాన్నుంచి పేపరు పుడుతుంది. మొదటిదాంట్లో పుట్టడానికి ఏమీ లేదు.

సరిచూసుకోవడం: నోట్సులో "ప్రశాంతంగా", "ఆనందంగా", "సంప్రదాయబద్ధంగా" లాంటి మాటలన్నీ కొట్టేయండి. మిగిలింది రూమ్మేటుకిచ్చి ఆ గది బొమ్మ గీయమనండి. ఎవరెక్కడ నిలబడ్డారో అతను గీయగలిగితే నోట్సు బాగున్నట్టు.

6. అనుమతి లేకుండా ఇంటర్వ్యూ చేయకండి

ఇది నా సొంత దెబ్బ. మూడో ఏడాది వేసవి సెలవులకు గుంటూరు వచ్చి, మిర్చి తొడిమలు తీసే ఆడకూలీలతో పదకొండు ఇంటర్వ్యూలు రికార్డు చేశాను. మంచివి. ఒకామె కాంటా దగ్గర తూకంలో జరిగే మోసం గురించి చెప్పింది వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆగస్టులో తిరిగెళ్లి సంతోషంగా చూపిస్తే మా అడ్వైజరు అడిగిన మొదటి ప్రశ్న: "ఐఆర్‌బీ అనుమతి ఏది?" లేదు. పదకొండూ పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఐఆర్‌బీ అంటే మనుషులతో చేసే పరిశోధనను ముందుగా చూసి అనుమతించే కమిటీ. అనుమతి వెనకటి తేదీతో ఇవ్వరు. క్లాసు అభ్యాసానికైతే చాలా చోట్ల ప్రొఫెసర్ అనుమతి చాలు. కానీ థీసిస్‌కు వాడే ప్రతి మాటకూ ముందే దరఖాస్తు పెట్టాలి. వేసవిలో పని ఉంటే ఫిబ్రవరిలోనే మొదలెట్టండి. ఆన్‌లైన్ శిక్షణ పూర్తి చేయాలి, ప్రశ్నల జాబితా ఇవ్వాలి, సమ్మతి పత్రం ఇవ్వాలి. ఒకసారైనా వెనక్కి పంపుతారు, టెన్షన్ పడకండి.

సమ్మతి పత్రం దగ్గర మన ఊళ్లకు ప్రత్యేకమైన చిక్కొకటుంది. సంతకం అనగానే జనం అప్పుకాగితం అనుకుంటారు. వేలిముద్ర అడిగితే ఇంకా అనుమానం. దీనికి దారుంది: సంతకం వల్లే మనిషికి ఇబ్బంది కలగొచ్చని దరఖాస్తులో వివరిస్తే, నోటిమాట సమ్మతికి కమిటీలు ఒప్పుకుంటాయి. చదివి వినిపించే ఆ నాలుగు వాక్యాలు మంచి వాడుక తెలుగులో రాసుకోండి. "ఈ పరిశోధనలో మీ భాగస్వామ్యం స్వచ్ఛందం" అని చదివితే ఆవిడ మీ మొహం చూస్తుంది. "చెప్పాలనిపిస్తే చెప్పండి, వద్దనిపిస్తే మధ్యలో ఆపేయండి, నేనేమీ అనుకోను" అనండి.

పేరు మార్చినంత మాత్రాన మనిషి దాగినట్టు కాదు. "ఊళ్లో ఉన్న ఏకైక ఆర్‌ఎంపీ డాక్టరు" అని రాస్తే పేరెందుకు?

సొంత ఊరే కదా, సులువే అనుకోకండి. నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్స్టన్ న్యూయార్క్‌లోని బార్నార్డ్ కాలేజీలో ఆంత్రపాలజిస్టు ఫ్రాంజ్ బోవాస్ దగ్గర చదువుతూ 1927లో ఫ్లోరిడా వెళ్లింది, సొంత ప్రాంతంలో జానపద కథలు సేకరిద్దామని. బార్నార్డ్ యాసలో "మీకేమైనా జానపద కథలు తెలుసా" అని అడుగుతుంటే ఎవరూ నోరు విప్పలేదని, మొదటి విడత చేతులు ఊపుకుంటూ వచ్చానని ఆవిడే రాసుకుంది. మీరు ఊళ్లో దిగి "అమ్మా, మీ అనుభవాలు పంచుకోండి" అంటే ఇదే జరుగుతుంది. పక్కన కూర్చుని తొడిమలు తీయండి. మాటలు అవే వస్తాయి. తర్వాత కళ్లు నలుపుకోకండి.

7. మేజర్ ప్రకటించే ముందు ఉద్యోగం సంగతి

రెండో ఏడాది చివరికి మేజర్ ఖాయం చేయాలి. నాన్నగారి ప్రశ్నకు నిజాయితీగా జవాబు: ఆంత్రపాలజీ ఒక్కటే పట్టుకుని వెంటనే ఉద్యోగం వెతకడం కష్టం. పక్కన ఇంకో పనిముట్టు ఉండాలి. స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్, జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల మీద సమాచారం పరిచి చూసే విద్య), ప్రజారోగ్యం, వీటిలో ఒకదాంట్లో నాలుగైదు కోర్సులు చేయండి. జనం ఫోనునో యాప్‌నో నిజంగా ఎలా వాడుతున్నారో కనిపెట్టే యూజర్ రీసెర్చ్ ఉద్యోగాలకు మీ ఫీల్డ్ నోట్సే అర్హత. బ్రిన్ మార్‌లో ఆంత్రపాలజీ చదివిన జెనీవీవ్ బెల్, స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేసి 1998లో ఇంటెల్‌లో చేరింది. చిప్‌లు చేసే కంపెనీకి ఆంత్రపాలజిస్టు ఎందుకని అడిగే బంధువులకు ఈ పేరు చెప్పొచ్చు.

ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లకు హెచ్చరిక: డిగ్రీ తర్వాత ఓపీటీ, అంటే అమెరికాలో పని చేసుకునే అనుమతి, ఏడాది. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలోని మేజర్లకే ఇంకో ఇరవై నాలుగు నెలలు. ఇది మీ మేజర్‌కు కాలేజీ పెట్టిన సీఐపీ కోడ్‌ (ఏ సబ్జెక్టో చెప్పే ప్రభుత్వ అంకె) ను బట్టి ఉంటుంది, మీరు చదివిన కోర్సులను బట్టి కాదు. ప్రకటించే ముందే అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో ఆ కోడ్ అడిగి రాసుకోండి. నాలుగో ఏట అడిగి లాభం లేదు.

అమెరికా కుదరకపోతే? సోనీపత్‌లోని అశోకా యూనివర్సిటీలో సోషియాలజీ-ఆంత్రపాలజీ శాఖ ఇదే పద్ధతిలో నడుస్తుంది. లేదంటే ఏదో ఒక డిగ్రీ చేసి, ఎంఏకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకో విశాఖ ఆంధ్ర యూనివర్సిటీకో రండి. రెండుచోట్లా ఆంత్రపాలజీ శాఖలున్నాయి.

8. థీసిస్

రీడ్ లాంటి కాలేజీల్లో ప్రతి విద్యార్థీ రాసి తీరాలి. మిగతాచోట్ల శాఖను బట్టి. అంశం చిన్నది పెట్టుకోండి. "తెలుగు డయాస్పోరా అస్తిత్వం" వద్దు. నా పదకొండు ఇంటర్వ్యూలు పోయాక నేను పట్టుకున్నది కాలేజీకి గంట దూరంలో ఉన్న ఒక ఇండియన్ గ్రోసరీ. ఈసారి అనుమతి తీసుకున్నాను.

ఊళ్లకు వెళ్లే వీల్లేకపోతే పాత సేకరణలతో పని చేయొచ్చు. నిజాం రోజుల్లో చెంచులు, కొండరెడ్లు, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మధ్య తిరిగిన ఆంత్రపాలజిస్టు హైమన్‌డార్ఫ్ ఫొటోలూ కాగితాలూ లండన్‌లోని సోయస్ అనే విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

లెక్క గుర్తుంచుకోండి: గంట రికార్డింగు రాతలో పెట్టడానికి ఐదారు గంటలు. తెలుగు నుంచి అనువాదం దానికి అదనం. 'మొహమాటం', 'ఎంగిలి', 'మడి' లాంటివి అనువదించకుండా తెలుగు మాటే ఉంచి ఒక పేరాలో వివరించండి. ఒక్కోసారి ఆ పేరాయే అధ్యాయమవుతుంది.

రాత పూర్తయ్యాక రెండు పరీక్షలు. ఒకటి, ప్రతి పేరాలో పండితుల పేర్లు చేత్తో మూసి చదవండి. ఇంకేమీ మిగలకపోతే ఆ పేరా తీసేయండి. రెండు, ఎవరి గురించి రాశారో వాళ్లకే వినిపించండి. నేను నా థీసిస్‌లో రెండో అధ్యాయం తెలుగులో చెబుతుంటే షాపు ఓనరు గల్లాపెట్టె దగ్గర నిలబడి ఓపిగ్గా విన్నాడు. చివర్లో అన్నాడు: "బాగానే ఉంది గానీ తమ్ముడూ, కరివేపాకు వచ్చేది శుక్రవారం కాదు, గురువారం. శుక్రవారానికి అయిపోతుంది." నేను మూడు చోట్ల శుక్రవారం అని రాశాను. పైగా శుక్రవారం లక్ష్మీపూజకీ కరివేపాకుకీ ముడిపెట్టి రెండు పేజీల సిద్ధాంతం అల్లాను.

ఆ రెండు పేజీలూ తీసేసి, మళ్లీ రాయడానికి తొమ్మిది రోజులు పట్టింది. గడువుకు ముందు కనీసం రెండు వారాలు మిగుల్చుకోండి.